ఆపరేషన్ ముందురోజు నుంచే నేర్పండి

నర్సింగ్ విద్యార్థులకు ఆపరేషన్ థియేటర్ శిక్షణ పెంచాలన్న మీ కథనం బాగుంది. కానీ థియేటర్ ఒక్కటే చాలదు. కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని, ఆలూరు వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఆపరేషన్‌కు ముందు 'ఏమీ తినొద్దు' అని చెబితే సరిపోదు. వద్దన్నది అన్నం, సంగటే అనుకుని కొందరు పాలు పోసిన టీ తాగేస్తారు. మామూలుగా పాలు తాగితే 6 గంటలు, మంచినీళ్లు తాగితే 2 గంటలు ఆగాలి. కడుపు ఖాళీగా లేకుంటే మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. "పెద్దమ్మా, పొద్దున టీ తాగినావా?" అని విడిగా అడగడం ఈ విద్యార్థులకు అలవాటు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టును మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని బయటికి తెచ్చే ముందు వాళ్లతో పైకి చదివించాలి. గోడ పక్కన నిలబడి చూస్తే రాదు. ఆపరేషన్ తర్వాత రోగిని దగ్గించడం, లేపి నడిపించడం కూడా సీనియర్ సిస్టర్ పక్కనుండి చేయించాలి.