గుణకారాన్ని కూడికతో మొదలుపెట్టడం తప్పు కాదు

గుణకారం అంటే పదే పదే కూడటం కాదనీ, పిల్లలకు అలా చెప్పడం మానెయ్యాలనీ గణితవేత్త కీత్ డెవ్లిన్ 2008 జూన్‌లో, మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా కోసం రాసిన వ్యాసంలో ఉపాధ్యాయులను కోరారు. ఆ విన్నపమే ఇప్పుడు ‘కూడికతో గుణకారం నేర్పితే పిల్లలు దెబ్బతింటారు’ అన్నంత గట్టిగా వినిపిస్తోంది. రెండో తరగతి పిల్లల ముందు చింతగింజలు కుప్పలు పోసి గుణకారం చెప్పే ఉపాధ్యాయులు తాము అబద్ధం నేర్పుతున్నామేమోనని వెనుకాడవలసిన అవసరం లేదు. కూడికతో నేర్పడం తప్పనే వాదానికి ఆధారంగా చూపే కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

కూడిక, గుణకారం రెండు వేర్వేరు మౌలిక ప్రక్రియలన్నది మొదటి కారణం. ఆధునిక బీజగణితం వాటిని విడివిడిగానే స్వీకరిస్తుంది, నిజమే. అయితే ఆ రెండింటినీ ముడివేసే విభాగ న్యాయాన్ని, అంటే (a+b)×c = a×c + b×c అనే నియమాన్ని కూడా అది అక్కడే స్వీకరిస్తుంది. 3 అంటే 1+1+1 కనుక, ఆ న్యాయం ప్రకారం 3×5 విప్పితే 5+5+5 వచ్చి తీరుతుంది. అది యాదృచ్ఛికంగా కలిసిన జవాబు కాదు, నిరూపించదగిన ఫలితం. సహజ సంఖ్యల విషయంలో సంబంధం ఇంకా దగ్గరిది. ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నా, గుణకాన్ని ఒకటి పెంచితే లబ్ధానికి గుణ్యం మరొక్కసారి కలుస్తుంది అనే రెండు వాక్యాలతో గుణకారాన్ని నిర్వచించే పద్ధతి 1861లో జర్మన్ గణితవేత్త గ్రాస్మన్ రాసిన అంకగణితంలోనే ఉంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ఏడో పుస్తకంలోని నిర్వచనం కూడా, ఒక సంఖ్యలో ఎన్ని ఒకట్లు ఉన్నాయో అన్నిసార్లు రెండో సంఖ్యను కూడటమనే చెబుతుంది.

రెండో కారణం భిన్నాలు. 1/3ను ‘అర సారి’ ఎలా కూడతారని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే, కానీ దానికి జవాబు కూడికలోనే దొరుకుతుంది. కిలో 40 రూపాయల చొప్పున మూడు కిలోల వంకాయలకు 40ని మూడుసార్లు కూడి 120 అని చెప్పిన పిల్లవాడిని అరకిలో ధర అడగండి. రెండు అరకిలోలు కలిస్తే కిలో అవుతుంది కనుక, రెండుసార్లు కూడితే 40 వచ్చేదేదో అదే ధర అని అతను వెనక్కి ఆలోచించగలడు. 1/2×1/3 కూడా అంతే: రెండుసార్లు కూడితే 1/3 అయ్యే సంఖ్య ఏదో అదే, అంటే 1/6. పూర్ణసంఖ్యల దగ్గర ఉన్న విభాగ న్యాయాన్ని వదలకుండా భిన్నాల్లోకి నడిస్తే గుణకారానికి ఇంకో అర్థం ఇచ్చే వీలే లేదు, వేరే జవాబు వస్తే ఆ న్యాయం చెడిపోతుంది. √2 లాంటి, భిన్నంగా రాయలేని కరణీయ సంఖ్యలకు ఇది నేరుగా చాలదని ఒప్పుకుంటాను. అక్కడ అటూ ఇటూ ఉన్న, భిన్నంగా రాయగల అకరణీయ సంఖ్యల మధ్య లబ్ధాన్ని బిగించి పట్టుకోవాలి, అయితే అది ఏడేళ్ల పిల్లల సమస్య కాదు.

గుణిస్తే ఎప్పుడూ పెరుగుతుందనే అపోహ కూడికతో నేర్పడంవల్లే పుడుతుందన్నది మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది. ఫిష్‌బైన్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన అధ్యయనం, తొలినాటి ఈ కూడిక నమూనా పెద్ద తరగతుల పిల్లల ఆలోచనను కూడా లోలోపల కట్టిపడేస్తుందని చూపింది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయినా సున్నాతో, ఒకటితో తప్ప పూర్ణాంకాల గుణకారం పెంచుతుందన్నది ఆ సంఖ్యల స్వభావం, ఏ దారిన నేర్పినా పిల్లలు ముందు చూసేది అదే. చిన్న సంఖ్యలోంచి పెద్దది ‘పోదు’ అని చెప్పి, తర్వాత రుణసంఖ్యలు నేర్పేటప్పుడు ఇబ్బంది పడతాం. అక్కడ తప్పు ‘పోదు’ అన్న మాటలో ఉంది, తీసివేతలో కాదు. ‘గుణకారమంటే ఇంతే’ అనడం కూడా అలాంటిదే.

నాలుగోది పరిశోధన. పరిశోధకులు పార్క్, నూనెస్ 2001లో ప్రచురించిన లండన్ అధ్యయనంలో, ఒక్కో దానికి ఇన్ని అని జతపరిచే ‘జోడింపు’తో నేర్చుకున్న చిన్నపిల్లలు, పదే పదే కూడుతూ నేర్చుకున్నవారికంటే గుణకార సమస్యల్లో ముందున్నారు. దీన్ని స్వీకరించాలి. కానీ ఏ దారి మెరుగన్నది ఒక ప్రశ్న, కూడిక దారి హాని చేస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇదే నూనెస్ 1985లో కరాహెర్, ష్లీమన్‌లతో కలిసి బ్రెజిల్‌లోని రెసీఫె వీధుల్లో సరుకులమ్మే పిల్లల లెక్కలను నమోదు చేశారు. కాయ 35 క్రూజేరోలైతే (అప్పటి బ్రెజిల్ డబ్బు) పది కొబ్బరికాయలెంత అని అడిగితే, పన్నెండేళ్ల బాలుడు మూడింటికి 105, ఇంకో మూడింటితో 210, అలా 315, చివరికి 350 అని తేల్చాడు. మూడేసి కాయల లెక్కన కూడుకుంటూ వెళ్లిన ఆ కుర్రవాడి చేతిలో జోడింపు, కూడిక ఒకదాన్నొకటి నెట్టుకోలేదు.

పైగా తెలుగులో ఈ రెండూ ముందే కలిసి ఉన్నాయి. ‘రెండు మూళ్లు ఆరు’ అనే ఎక్కంలో మూళ్లు బహువచనం, ‘ఒక్కొక్కరికి నాలుగేసి చొప్పున’ అన్నప్పుడు ఆ ‘ఏసి’, ‘చొప్పున’ జోడింపును పట్టి చూపుతాయి. నాలుగు వరసల్లో ఆరేసి గింజలు పేర్చి, ముందు ఆరును నాలుగుసార్లు కూడించి, తర్వాత పిల్లవాణ్ణి పక్కకు వచ్చి నిలబడమంటే, అవే గింజలు ఆరు వరసల్లో నాలుగేసిగా కనిపిస్తాయి.