కొత్త పుస్తకాలు బీరువాలో, పిల్లలు వరండాలో

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా పేట తెలుగు లైబ్రరీకి ఈ వేసవిలో రెండు అట్టపెట్టెల కొత్త పుస్తకాలు వచ్చాయి. ఊరొదిలి హైదరాబాదులో స్థిరపడ్డ ఒకాయన పంపించారు. తెలుగువి ఎక్కువ, ఒడియావి కొన్ని. బొమ్మల కథలు, పురుగుల మీద, రైళ్ళ మీద, చందమామ మీదకి వెళ్ళినవాళ్ళ మీద. అన్నీ పల్చటివి, చిన్న చేతుల్లో పట్టేవి. వచ్చిన రోజే ముద్ర కొట్టారు, నంబర్లు వేశారు, అద్దాల బీరువాలో సర్దారు, తాళం వేశారు. ఆ బీరువాకి ఎదురుగా ఉన్న వరండాలోనే అదే వారం పిల్లల వేసవి శిబిరం మొదలుపెట్టారు.

పర్లాకిమిడిలో మే నెల సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున్న ఎనిమిదికే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. అంత ఉక్కలోనూ వరండా నిండా పిల్లలు వస్తున్నారు. అది చూసి ఎవరికైనా ముచ్చటేస్తుంది, నాకూ వేసింది. కానీ వచ్చిన పిల్లల చేత ఏం చేయిస్తున్నారు? మొదటి రోజు దీపం వెలిగించడం, శాలువాలు, పెద్దల ప్రసంగాలు. ఆ తర్వాత పద్యాల పోటీ, చేతిరాత పోటీ, క్విజ్జు, బొమ్మలెయ్యడం, యోగా, ఒక పూట మేజిక్కు. ఆఖరి రోజు బహుమతులు, గ్రూపు ఫోటో. బ్యానరు మీద మాత్రం పెద్దక్షరాలతో 'పఠనం' అని ఉంది. పిల్లలు పుస్తకం పట్టుకుని ఓ మూల కూర్చునే గంట ఆ టైంటేబుల్లో ఎక్కడుందో నాకు దొరకలేదు.

"ఏటి మాస్టారూ, ఆ పుస్తకాలు గుంటలకి ఇవ్వరా?" అని కార్యదర్శి గారిని అడిగాను. "నీకు తెల్దేటమ్మా వీళ్ళ సంగతి, రెండ్రోజుల్లో అట్టలు ఊడబెరికేస్తారు. శిబిరం అయిపోనీ, అప్పుడు చూద్దాం" అన్నారు. ఆయన మంచివారు, లైబ్రరీ కోసం ఇన్నేళ్ళుగా సొంత డబ్బు ఖర్చు పెట్టుకుంటున్నవారు, అందుకే కోపంగా ఏమీ అనలేదు. కానీ శిబిరం అయ్యేసరికి బడులు తెరుస్తారు. బడి, ట్యూషను, హోంవర్కు మొదలయ్యాక ఏ పిల్ల లైబ్రరీకి వస్తుంది? పైగా మన లైబ్రరీ తెరిచే వేళలు సరిగ్గా బడి వేళలే. పుస్తకమూ పిల్లా ఎదురుపడే అవకాశం ఏడాది మొత్తమ్మీద ఈ సెలవల్లోనే ఉంది, అప్పుడే తాళం.

ఈ దేశంలో లైబ్రరీ నడపడం ఎలాగో రాసిపెట్టిన పెద్దమనిషి ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియను. ఆయన అయిదు సూత్రాలు 1931లో పుస్తకంగా వచ్చాయి. మొదటిదే 'పుస్తకాలు వాడుకోవడానికి'. ఇంత మామూలు మాటని సూత్రమని రాయాలా అనిపిస్తుంది. రాయాల్సి వచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాల్ని ఇనప గొలుసులతో బల్లలకి కట్టేసి ఉంచేవారు. లైబ్రరీ అంటే దాచిపెట్టే చోటన్న ఆ బుద్ధి గొలుసులతో పాటు పోలేదని ఆయనకి తెలుసు. 1931 నాటికి మన పర్లాకిమిడి కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోదే, ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న కదా. అంటే ఆ సూత్రం మనకేమీ పరాయి దేశపు సంగతి కాదు. అయినా మన బీరువా దాకా రాలేదు.

చిరుగుతాయి. ఎందుకు చిరగవు? పిన్నులు కొట్టిన పాతిక పేజీల పుస్తకం పదిమంది చేతులు మారితే మధ్య కాగితం ఊడొస్తుంది. పనసపండు తిన్న చేత్తో ఎవడో పేజీ తిప్పుతాడు. దానికి మించి ఆ పుస్తకానికి వేరే గతి ఏముంది? వీటిలో చాలావాటి ధర వంద రూపాయల లోపే. ప్రారంభోత్సవంలో కప్పిన శాలువాల ఖర్చుతో అలాంటివి ఇంకో అరడజను వచ్చేవి. పదేళ్ళ తర్వాత కూడా కొత్తవాసన పోని పిల్లల పుస్తకం లైబ్రరీలో కనిపించిందంటే దాన్ని ఎవరూ చదవలేదనే అర్థం. అది చూపించి మేం భద్రంగా ఉంచాం అని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

ఇక పద్యాల పోటీ గురించి. ఇక్కడ తిట్టేవాళ్ళుంటారని తెలిసే రాస్తున్నాను.

ఈ ఊళ్ళో తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో ఒడియా మాట్లాడతారు, బళ్ళో ఒడియా గానీ ఇంగ్లీషు గానీ చదువుతారు. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. తెలుగు మీడియం బళ్ళు పేరుకి ఉన్నా, ఉపాధ్యాయులు లేని గోడు బరంపురం నించి రాయగడ దాకా అందరికీ తెలిసిందే. అందుకని పెద్దవాళ్ళకి బెంగ. ఈ తరంతో భాష పోతుందేమోనని. ఆ బెంగ నాకూ ఉంది. అయితే ఆ బెంగంతా తెచ్చి పదేళ్ళ పిల్ల నెత్తిన శతకంగా పెడుతున్నాం.

ఈసారి పోటీలో ఒక పాప వేమన పద్యాలు వరసగా అప్పజెప్పింది, గొంతు కంచులా ఉంది. మొదటి బహుమతి తనకే. దిగి వచ్చాక తన చేతిలో ఉన్న చీటీ చూశాను. పద్యాలన్నీ ఒడియా అక్షరాల్లో రాసుకుంది. "మామ్మ చెప్పింది పిన్నీ, నేను రాసుకున్నాను" అంది. న్యాయనిర్ణేతలు ఆ చీటీ చూడలేదు, చూసుంటే మార్కులు తగ్గించేవారేమో. నాకు మాత్రం ఆ చీటీలోనే మన శిబిరానికి కావాల్సిన పాఠమంతా కనిపించింది. ఆ పిల్లకి తెలుగు చెవిన పడింది, నోట ఉంది, రాసుకోవడానికి తనకొచ్చిన లిపి ఉంది. ఇంక లేనిదల్లా తన ఒళ్ళో ఒక తెలుగు పుస్తకం, పక్కన కూర్చుని వేలుపెట్టి చదివి వినిపించే ఒక మనిషి. పుస్తకం బీరువాలో ఉంది. మనుషులు వేదిక మీద ఉన్నారు.

"తెలుగు చదవడం రాని పిల్లలకి తెలుగు పుస్తకాలెందుకు?" అని ఒక కమిటీ సభ్యుడు అడిగారు. చదవడం రాదు కాబట్టే కదండీ. వచ్చినవాళ్ళ కోసమే అయితే వరండాలో పేపరు చాలు. రోజూ ఒక గంట ఎవరో ఒకరు గట్టిగా చదివి వినిపిస్తే, పిల్లలు బొమ్మ చూస్తూ వింటారు, నచ్చితే మళ్ళీ చదవమంటారు, మూడోసారికి తామే పేజీ తిప్పుతారు. రిటైరయిన పంతుళ్ళు ఈ పేటలో వీధికి ఇద్దరున్నారు. వాళ్ళని శాలువా కప్పి పంపేస్తున్నాం గానీ, ఒక కథ చదివి పెట్టండి అని అడగడం లేదు.

మా నాన్న నేర్చుకున్న తీరు చెప్తాను. మా ఇంటికి 'చందమామ' వచ్చేది. పక్కింటి ఒడియా వాళ్ళింటికి అదే పత్రిక 'జహ్నమాము' పేరుతో వచ్చేది. తెలుగుది 1947 జూలైలో మొదలైంది, ఒడియాది ఆ తర్వాత కొన్నేళ్ళకి. బొమ్మలు అవే, కథలు అవే, లిపి వేరు. నాన్న, పక్కింటి కుర్రాడు రెండూ పక్కపక్కన పరిచి ఇటు చూసి అటు చదివేవారట. ఎవరూ పోటీ పెట్టలేదు, సర్టిఫికెట్టు ఇవ్వలేదు. నాన్న చివరిదాకా ఒడియా పేపరు కళ్ళజోడు లేకుండా చదివేవారు (తెలుగు పేపరుకి మాత్రం కళ్ళజోడు కావాలనేవారు, అదేం మాయో!).

ఇప్పుడు ఆ పత్రికలు లేవు. వాటి బదులు ఏదీ లేదనుకుంటే మాత్రం పొరపాటు. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది, కథలు చదవడానికీ, దింపుకోవడానికీ, అచ్చు వేసుకోవడానికీ పైసా అక్కర్లేదు. ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది, చిన్న పిల్లలకొకటి పెద్ద పిల్లలకొకటిగా నాలుగు స్థాయిల్లో. సవర, కుయి, ముండా, జువాంగ్ అనే గిరిజన భాషల్లో కూడా వాళ్ళు కథల పుస్తకాలు తెచ్చారు. మన గజపతి జిల్లాలో సవర పిల్లలు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. మన శిబిరానికి వాళ్ళని పిలిచిన గుర్తు నాకు లేదు.

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు ఇక్కడ ఎత్తకుండా ఎలా? ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వెయ్యడం మా లైబ్రరీలో ఒక్క ఏడూ తప్పదు. ఆయన ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. ఇక్కడే సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి చదువుకునే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. పిల్లవాడు మాట్లాడే భాషలోనే వాడి పుస్తకం ఉండాలని జీవితమంతా పోట్లాడారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినందుకు నొచ్చుకుని, ఇన్నేళ్ళు బతికిన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి మనిషి ఫోటో కింద కూర్చోబెట్టి పిల్లలకి అర్థం కాని గ్రాంథికం బట్టీ పట్టించి, తడబడితే మార్కులు కోస్తున్నాం. ఆయనే గనక వరండాలోకి వస్తే ముందు బీరువా తాళం చెవి అడిగేవారు, నాకైతే అనుమానం లేదు.

సరిహద్దు అవతల బాగుందని అంటారు కొందరు. ఇక్కడికి ఒక్క బస్సులో పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. అక్కడి ప్రభుత్వ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. ఆంధ్రాలో ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, అందుకని ఉద్యోగులుంటారు, జీతాలుంటాయి. మన వైపు తెలుగు లైబ్రరీ అంటే కమిటీ, చందాలు, నలుగురి ఓపిక. ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ బీరువా తాళం తియ్యడానికి సెస్సు అక్కర్లేదు. అయినా ప్రతిదానికీ మనం సరిహద్దులో ఉన్నాం, మనల్ని ఎవరు పట్టించుకుంటారు అనే ఏడుపు నాకు నచ్చదు. బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాల్ని తెలుగులోకి తెచ్చారు. ఒకప్పుడు తెలుగునాట ఇంటింటా కనిపించిన ఆ సోవియట్ పుస్తకాల వెనక మన గంజాం మనిషి చెయ్యి కూడా ఉంది. ఆనాటి పిల్లల పుస్తకాలు కొన్నిటిని సికింద్రాబాదు 'మంచి పుస్తకం' వాళ్ళు మళ్ళీ వేశారు. మన వరండాలో పిల్లలకి దొరకాల్సినవి అవీ.

ఇంకొక్కటి. పుస్తకాలు ఇచ్చినా, ఏవి చదవాలో మనమే చెప్పాలనుకుంటాం. నీతి ఉన్నవి, మహనీయుల జీవితాలు. అమెరికాలో ఫ్లోరిడాలో 17 బళ్ళలో 852 మంది పేదింటి పిల్లలకి వరసగా మూడు వేసవులు తలో 12 పుస్తకాలు ఇచ్చి చూశారు, ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. క్లాసులు లేవు, పోటీలు లేవు. పుస్తకాలు ఎంచుకున్నది పిల్లలే, చాలామంది సినిమా, పాటల తారల పుస్తకాలు ఎత్తుకెళ్ళారు. అయినా చదవడం మీద పెట్టిన పరీక్షల్లో పుస్తకాలు అందని పిల్లల కంటే వీళ్ళు మెరుగ్గా వచ్చారు. మా కమిటీలో ఈ సంగతి చెప్తే ఒకాయన "అయితే హీరోల పుస్తకాలు కొనమంటావా" అన్నారు. కొనండి! క్రికెట్టు పుస్తకాలూ కొనండి, దెయ్యం కథలూ కొనండి. ముందు చదవడం అలవాటవనివ్వండి, మహనీయులు ఎక్కడికీ పోరు.

ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకి స్టీలు డబ్బా అనే బహుమతి మాత్రం దయచేసి పెట్టకండి. ఒకసారి పెడితే ఏం జరిగిందో చూశాం. అట్ట మీది పేరు రిజిస్టర్లో ఎక్కించి, పుస్తకం తెరవకుండా తిరిగిచ్చేసి, ఇంకోటి పట్టుకెళ్ళేవారు. పిల్లల తప్పు కాదు, మనం డబ్బా చూపించాం, వాళ్ళు డబ్బా కోసం వచ్చారు.

శిబిరం ఇంకా అవ్వలేదు, రోజులున్నాయి. మేజిక్కు ఉంచండి, యోగా ఉంచండి, నాకేం బాధ లేదు. ఒక గంట పుస్తకాలకి వదలండి, ఇంటికి తీసుకెళ్ళనివ్వండి. ఒక నోటుపుస్తకంలో పేరు, నంబరు, తేదీ రాసుకుంటే చాలు. రెండు భాషల్లో ఉన్న కథలు కొన్ని నేను ఏరి పెట్టాను, రంగుల్లో ప్రింటు తీయించాలి. నలుపు తెలుపు వద్దు, పిల్లలు దాని మొహం చూడరు. పాతపట్నం వైపు ఎవరైనా వెళ్తుంటే అక్కడ ప్రింటుకి ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని చెప్పండి.

చిరిగినవాటికీ పోయినవాటికీ డబ్బు నేను కడతాను, ఆ రెండు పెట్టెల వరకూ. ఇది అందరి ముందూ రాసి ఇస్తున్నాను. కార్యదర్శి గారు ఫేస్‌బుక్కులో లేరు, ఎవరైనా ఈ పోస్టు ఆయనకి వాట్సాపులో పంపండి. పొడుగ్గా ఉందని చదవరేమో, ఈ ఆఖరి పేరా ఒక్కటి పంపినా చాలు.