పారేసే సీసాకు కొలతలున్నాయి, దాచుకునే బాటిల్‌కే లేవు

నీళ్లు తాగి విసిరేసే ప్లాస్టిక్ సీసా గురించి కొత్తగా చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లోనే లెక్క తేలింది. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లీటరు సీసా నీళ్లలో సగటున 2.4 లక్షల ప్లాస్టిక్ రేణువులున్నాయని చెప్పారు. ఇలాంటివి చదివి చాలామంది స్టీలు బాటిల్ కొనుక్కుని, మన వంతు అయిపోయిందనుకున్నారు. తిరకాసంతా ఆ తర్వాతే.

అర లీటరు ప్లాస్టిక్ సీసా బరువు 10 నుంచి 20 గ్రాములు. అన్నే నీళ్లు పట్టే రెండు గోడల స్టీలు ఫ్లాస్కు 250, 300 గ్రాములు తూగుతుంది. ఒక్క బరువు చూసినా ఇరవై సీసాల పెట్టు. పైగా క్రోమియం, నికెల్ తవ్వి, కరిగించి స్టెయిన్‌లెస్ స్టీలు తీయడానికి బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. కాబట్టి కొన్ని పదులసార్లు నింపుకుని తాగితే గాని ఆ బాటిల్ భూమికి పడ్డ బాకీ తీర్చదు. రోజూ వాడితే ఒకటి రెండు నెలల్లో తీరిపోయే బాకీ అది. అల్మరాలో మూలపడితే మాత్రం ఎప్పటికీ తీరదు.

మరి ఎందుకు మూలపడుతుంది? స్టీలు ఒళ్లు చిల్లుపడి మాత్రం కాదు. బాటిళ్లకు వాడే 304 రకం స్టీలు మంచినీళ్లకు ఏళ్లతరబడి చెక్కుచెదరదు. ముందు పాడయ్యేది మూత. దాని లోపలి గాడిలో రెండు మూడు గ్రాముల సిలికాన్ రింగు ఉంటుంది. దాని వెనక చేరిన తడి ఆరదు. అక్కడ జిగట పొర కడుతుంది, నల్లచుక్కలు లేస్తాయి. సిలికాన్ వాసనలను, జిడ్డును పీల్చుకునే సరుకు కాబట్టి పాలో కాఫీయో ఒకసారి పోస్తే ఆ వాసన పట్టేసుకుంటుంది. బాటిల్ ఒళ్లు ఎంత తోమినా వాసన పోకపోయేసరికి బాటిలే చెడిందనుకుని కొత్తది కొంటారు.

దీనికి మందు తేలికే. చెంచా కాడలాంటి మొద్దు అంచుతో రింగు ఊడదీయండి. చాకు వాడితే గాటు పడుతుంది, ఆ గాటులోంచే నీళ్లు కారతాయి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు బేకింగ్ సోడా కలిపి రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గాడిని రుద్ది, రింగూ మూతా పూర్తిగా ఆరాకే తిరిగి అమర్చండి. మెలిపడకుండా చూసుకోవాలి. బ్లీచింగ్ జోలికి పోవద్దు, అందులోని క్లోరిన్ స్టీలుకు సన్నటి గుంటలు పెడుతుంది. వాడనప్పుడు మూత తీసి ఉంచండి. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలాగి తడిమితే బయటి గోడ కాలుతోందా? గోడల మధ్య శూన్యం పోయినట్టే, అది ఇక బాగుపడదు. అయినా మామూలు నీళ్ల బాటిల్‌గా భేషుగ్గా పనికొస్తుంది.

ఇన్ని చేసినా ఏదో ఒకరోజు రింగు సాగిపోతుంది, మూత చిట్లుతుంది. అసలు అన్యాయం అప్పుడు బయటపడుతుంది. ఒక్కసారి వాడి పారేసే కూల్‌డ్రింకు సీసా మూతికి 28 మిల్లీమీటర్ల ప్రామాణిక కొలత ఉంది. పేరు పీసీఓ 1881 (సంవత్సరం కాదు, కొలత పేరే). ఆ కొలతతో ఏ దేశంలో ఊదిన సీసాకైనా ఆ మూత పడుతుంది. పాత పీసీఓ 1810 కొలత మూతి నుంచి దీనికి మారినందుకే సీసాకు గ్రాముకు పైగా ప్లాస్టిక్ ఆదా అయింది. పారేసే మూత కోసం ఐరోపా ఏకంగా చట్టమే తెచ్చింది: 2024 జులై నుంచి మూడు లీటర్ల లోపు ప్లాస్టిక్ సీసాల మూతలు సీసాను అంటిపెట్టుకునే ఉండాలి. పదేళ్లు మన్నుతుందని అమ్మే స్టీలు బాటిల్‌కో? కంపెనీకో మర (మూత తిప్పి బిగించే చుట్లు), ఒకే కంపెనీలో మోడల్‌కో మర. నిరుడు కొన్న బాటిల్‌కి ఈ ఏటి మూత పట్టకపోవచ్చు. కుక్కర్ గ్యాస్కెట్ అరిగితే కుక్కర్ పారేయం, గ్యాస్కెట్ మారుస్తాం. బాటిల్‌కి ఆ పాటి భాగ్యం లేదు.

సీసాలను సక్రమంగా వెనక్కి తీసుకుంటే చాలు కదా అంటారు కొందరు. జర్మనీలో 2003 నుంచి, ఖాళీ సీసా తిరిగిస్తే కట్టిన డబ్బు వెనక్కిచ్చే డిపాజిట్ పద్ధతి ఉంది, సీసాలు దాదాపు అన్నీ తిరిగొస్తున్నాయి, నిజమే. అయితే కరిగించిన ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ అణుగొలుసులు తెగి పొట్టివవుతాయి. మళ్లీ సీసా చేయాలంటే అదనపు శుద్ధి కావాలి, లేదంటే దారంగా మారుతుంది. వరదలప్పుడు, భూకంపాలప్పుడు సీసా నీళ్లు తప్పవు, ఒప్పుకుంటాను. మామూలు రోజులకు అది సాకు కాకూడదు.

నన్నడిగితే బాటిల్ ఒక నమూనా మాత్రమే, అసలు గొడవ మరలది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు మరలకు 55 డిగ్రీల కోణం ఖాయం చేయమనేదాకా ఇంగ్లండ్‌లో వర్క్‌షాపుకో మర ఉండేది. ఫోన్ ఛార్జర్ల చిక్కుముడి విప్పడానికి 2024 డిసెంబర్‌లో ఐరోపా టైప్ సీ పోర్టును తప్పనిసరి చేసింది. తయారీదారులు సణిగారు, మార్చారు. బాటిల్ మూతికి రెండు మూడు కొలతలు ఖాయం చేయడం అంతకన్నా కష్టమా? ట్రెక్కింగ్ బాటిళ్లలో 63 మిల్లీమీటర్ల వెడల్పు మూతిని చట్టం లేకుండానే చాలామంది పాటిస్తున్నారు, నీటి ఫిల్టర్లు చేసేవాళ్లు కూడా దానికి సరిపడేలా చేస్తున్నారు.

అందాకా కొనేటప్పుడు రంగు చూడకండి, మూత విప్పండి. రింగు వేళ్లతో ఊడి వస్తోందా? స్ట్రాలు, మీటలు, స్ప్రింగులు ఎన్ని ఉంటే పాడయ్యే చోట్లు అన్ని. రింగు, మూత విడిగా ఇస్తారా అని అడగండి. ‘అలా రాదండీ’ అంటే, బాటిల్ అక్కడే పెట్టేసి వచ్చేయండి.