అడయార్ మెసేజ్ ఇక పంపకండి

ఈ నెలలో ఇది నాలుగోసారి. ఈసారి పంపింది మా పెద్దమ్మ కొడుకు. "బ్లడ్ క్యాన్సర్‌ని పూర్తిగా నయం చేసే మందు 'ఇమిటినెఫ్ మెర్సిలెట్' చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉచితంగా ఇస్తున్నారు. అందరికీ పంపండి, ఒక ప్రాణం కాపాడండి." కింద ఫోన్ నంబరు.

ఆ పేరుతో మందు లేదు. ఉన్నది ఇమాటినిబ్ మెసిలేట్. పేరు సంగతి వదిలేద్దాం. ఆ మెసేజ్ నిజం కాదని ఆ సంస్థే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

"బ్లడ్ క్యాన్సర్‌ని" అన్న మాట మాత్రం వదలలేను. అదేదో ఒకే జబ్బు అయినట్టు! ఇమాటినిబ్ ముఖ్యంగా పనిచేసేది సీఎంఎల్ అనే రకంలో. అందులో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై, కణాలను ఆగకుండా పెంచే ప్రోటీన్ ఒకటి తయారవుతుంది. ఈ మాత్ర దాన్ని ఆపుతుంది, అదీ రోజూ వేసుకుంటుంటేనే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ అనే మరో రకానికి కీమో కావాలి, రెండేళ్లకు పైగా. వాళ్లలో కొద్దిమందికి ఇమాటినిబ్ కూడా ఇస్తారు, కానీ కీమోతో పాటు, కీమోకి బదులు కాదు.

మా చిన్నాన్న మనవడికి ఏడేళ్లప్పుడు ఏఎల్ఎల్ అని తేలింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఫోన్ తీసి ఈ మెసేజే చూపించారు. "మాత్ర ఉండగా పసివాడికి ఆ కీమో ఎందుకు?" అన్నారు. తమ్ముడు ఎనిమిది రోజులు ఆ నంబరుకి ఫోన్ చేస్తూ కూర్చున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పళ్లు తోముతుంటే బాబు చిగుళ్ల నుంచి రక్తం మొదలై ఎంతకీ ఆగలేదు. తుండు మొత్తం తడిసిపోయింది. ఆస్పత్రికి చేరేసరికి ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలు. డాక్టర్ మొదట అడిగింది ఒక్కటే: "ఇన్ని రోజులు ఏం చేశారు?" మెసేజ్ చూపించిన వాళ్లలో ఒక్కరైనా వచ్చి దానికి జవాబు చెప్పారా? బాబు బతికి బయటపడ్డాడు. ఆ ఎనిమిది రోజులు మాత్రం నేను మర్చిపోలేను.

ఇక "ఉచితంగా". ఈ మాత్ర పేదవాడికి అందుబాటులోకి వచ్చింది ఎవరి దయవల్లా కాదు. నోవార్టిస్ కంపెనీ దీన్ని గ్లివెక్ పేరుతో అమ్మింది, అది మన దేశంలో నెలకు సుమారు 1.2 లక్షలు ఉండేది. మన హైదరాబాద్ నాట్కోతో సహా ఇక్కడి కంపెనీలు అదే మందును సుమారు పదో వంతు ధరకే అమ్మాయి. ఇంకెవరూ దీన్ని తయారు చేయకుండా పేటెంట్ హక్కు కావాలని నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోగుల తరఫున క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ ఎదురు నిలబడి పోరాడింది. పాత మందుకు కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన సరిపోదు, వైద్యపరంగా మెరుగ్గా పనిచేస్తేనే పేటెంట్ అని మన చట్టంలో 3(డి) సెక్షన్ ఉంది. దాని ఆధారంగానే 2013 ఏప్రిల్ 1న కోర్టు నోవార్టిస్‌కి కాదని చెప్పింది. ధర దిగిరావడానికి చట్టం కావాల్సి వచ్చింది, కోర్టులో ఏళ్ల తరబడి కొట్లాట కావాల్సి వచ్చింది. ఫార్వర్డ్ బటన్ నొక్కితే ఒక్క రూపాయి తగ్గలేదు.

కానీ పేదవాడికి వైద్యం అందే పని ఇంకా సగంలోనే ఉంది. మాత్ర పనిచేస్తోందో లేదో తెలియాలంటే మొదట్లో మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేయించాలి, ఇందాక చెప్పిన ఆ తారుమారు రక్తంలో ఇంకా ఎంత మిగిలిందో చెప్పేది అదే. దానికి వేలల్లో ఖర్చు. ఒంట్లో బాగానే ఉందని, డబ్బుల్లేవని మాత్ర మానేస్తే జబ్బు మళ్లీ ముదిరే ప్రమాదం ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలైంది, సంతోషమే. కానీ ఆ పరీక్ష కోసం కూలి పోగొట్టుకుని, బస్సెక్కి పెద్ద ఊరు రావాల్సిన మనిషికి పరిమితి ఎంతైతే ఏం లాభం?

ఒకటి ఒప్పుకోవాలి. మొన్న ఈ మెసేజ్ పంపిన పెద్దమ్మ కొడుకే, బాబుకి ప్లేట్‌లెట్లు కావాలనగానే రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చాడు. చేతికి సూదితో గంటన్నర కదలకుండా పడుకుని ఇచ్చి, టీ కూడా తాగకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి బాబుని కాపాడిన వాళ్లలో అతనూ ఒకడు.

అన్నయ్యా, మీ జిల్లా ఆస్పత్రిలో బీసీఆర్-ఏబీఎల్‌కి శాంపిల్ తీసుకుంటారో లేదో ఈ వారం కనుక్కుని చెప్పు. తీసుకోవడం లేదంటే ఎమ్మెల్యేకి అర్జీ నేను రాస్తాను, సంతకాలు నువ్వు పెట్టించు.