కాగితాలు క్షేమంగా చేరాయి

ప్రమాదకర సరుకుల రవాణాలో మన దేశం సాధించిన భద్రతను గిట్టనివాళ్లు కొందరు తక్కువ చేసి మాట్లాడుతున్నారు. ఇది అన్యాయం. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడైనా ఒక గంట నిలబడి చూడండి. పెట్రోలు, వంటగ్యాసు, అమ్మోనియా, యాసిడ్లు, మందుల కంపెనీలకు పోయే సాల్వెంట్లు వరసగా పోతూనే ఉంటాయి. ట్యాంకర్ బోల్తా పడొచ్చు, వాల్వు కారొచ్చు, డ్రైవర్‌కు కునుకు పట్టొచ్చు. సీటు వెనకాల పాలిథిన్ కవర్లో పెట్టిన కాగితాల మీద మాత్రం ఎవరూ ఈగ వాలనివ్వరు. ఇంత జాగ్రత్తగా ప్రయాణించే వస్తువు ఈ రోడ్డు మీద ఇంకోటి లేదు.

ఈ ఘనతకు మూలం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు. వీటిని రాసిన మహానుభావులు దేన్నీ గాలికి వదిలెయ్యలేదు. ట్యాంకర్‌కు రెండు పక్కలా, వెనకా అత్యవసర సమాచార బోర్డు ఉండాలి. సరుకు పేరు 50 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు 100 మిల్లీమీటర్లకు తగ్గని అంకెల్లో రాయాలి. పెట్రోలుకు 1203, అమ్మోనియాకు 1005, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830. దాని పక్కన డైమండ్ ఆకారంలో గుర్తు, ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు. మూడు వైపులా ఎందుకంటే, బండి పక్కకు పడితే ఒక బోర్డు భూమాత చదువుకున్నా మిగతా రెండు మనకు మిగులుతాయి. ఇంత ముందుచూపు ఎవరికుంటుంది?

కట్టంగూరు దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగిన ట్యాంకర్ వెనక బోర్డును ఈమధ్య భక్తిశ్రద్ధలతో పరిశీలించాను. నిబంధనల ప్రకారమే ఉంది. మిల్లీమీటర్ కూడా తగ్గలేదు. ఫోన్ నంబరులో చివరి మూడంకెల మీద మాత్రం బురద పేరుకుని ఉంది. ఆపద వస్తే తడిగుడ్డ తెచ్చుకోవాలన్నమాట. ఈ నంబరుకు ఎప్పుడైనా ఎవరైనా ఫోన్ చేశారా అని డ్రైవర్‌ని అడిగాను.

"ఎందుకు చెయ్యలే సారు? మొన్న కార్లవోయేటాయన చేసిండు. మీ డ్రైవర్ సైడిస్తలేడని. ఆఫీసోళ్లు, లీకైతేనే ఈ నంబరుకు చెయ్యాలె, సైడు ముచ్చట మాకు జెప్పొద్దన్నరంట."

వ్యవస్థ పనిచేస్తోందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

అతనే కవర్‌లోంచి ట్రెమ్ కార్డు తీసి చూపించాడు. సరుకు కారితే ఏం చెయ్యాలి, ఒంటిమీద పడితే ఎలా కడగాలి, మంట లేస్తే నీళ్లు కొట్టాలా నురగ కొట్టాలా అన్నీ అందులో ఉంటాయి. అది క్యాబిన్లో ఎప్పుడూ చేతికందేలా ఉండాలన్నది చట్టం. అందేలాగే ఉంది. మడత నలగలేదు, మూల చిరగలేదు, టీ మరక లేదు. దీన్ని ఎప్పుడైనా చదివావా అంటే అతను నా అజ్ఞానానికి జాలిపడ్డాడు.

"ఇది నేను సదివేందుకు గాదు సారు. బ్రేకిన్‌స్పెక్టర్ కోసం."

అలాగని డ్రైవర్‌కు చదువు రాదనుకోకండి. ఇలాంటి సరుకు తోలేవాడికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏదో ఒక భాషతో పాటు ఇంగ్లిష్ చదవడం, రాయడం రావాలని తొమ్మిదో నిబంధన చెబుతోంది. పైగా మూడు రోజుల శిక్షణ. ఆ బోర్డు ఉండేదేమో రెండు పక్కలా, వెనకా. బండి నడిచినంతసేపూ దాన్ని చూడటానికి వీల్లేని మనిషి ఒక్కడే, ఆ డ్రైవర్. చదవడం వచ్చి తీరాలన్నదీ అతనికే. వెనక మోటార్ సైకిల్ మీద వచ్చేవాడికి, రోడ్డు పక్క జామకాయలు అమ్మే ఆమెకు, అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చే ఊరి కుర్రాళ్లకు 1005 అంటే ఏమిటో తెలియాలని ఏ నిబంధనా అడగదు. వాళ్లు ముక్కుతో చదువుకుంటారని కాబోలు.

ఒకప్పుడు ఈ సరుకు తోలడానికిచ్చే లైసెన్సు ఏడాదికే చెల్లేది. 2019 సవరణతో అది మూడేళ్లయింది. పునరుద్ధరణకు ఒక రోజు పునశ్చరణ తరగతి చాలు. ఏడాది కాలంలో మర్చిపోయేదాన్ని మూడేళ్లు తీరిగ్గా మర్చిపోయే సౌకర్యం కల్పించినందుకు పార్లమెంటుకు రుణపడి ఉండాలి.

బండిలో ప్రథమ చికిత్స సామగ్రి, విరుగుడు మందులు కూడా ఉండాలి. మా డ్రైవర్ పెట్టె తెరిచాడు. ఒక కట్టు గుడ్డ, నొప్పుల బామ్ సీసా, దురాజ్‌పల్లి లింగమంతుల జాతరలో ఇచ్చిన బండారు పొట్లం ఉన్నాయి. మూడింట్లో దేనిమీద నమ్మకమంటే అతను తడుముకోకుండా మూడోదే చూపించాడు. ఆగిన బండి ఎప్పుడూ డ్రైవర్ లేదా 18 ఏళ్లు దాటిన సమర్థుడి అదుపులో ఉండాలని కూడా రాశారు. ఉంది. ఆ సమర్థుడు ముందు చక్రం పక్కన స్టవ్ ముట్టించి టమాటా కూర చేస్తున్నాడు. పొగగొట్టానికి నిప్పురవ్వలు రాకుండా స్పార్క్ అరెస్టర్ పెట్టాలన్న నిబంధన పొగగొట్టానికే గానీ కూరకు కాదు కాబట్టి, చట్టప్రకారం ఎవరినీ తప్పు పట్టలేం.

ఐరోపా వాళ్లకు ఈ నిలకడ లేదు. ప్రమాదకర సరుకుల రోడ్డు రవాణా మీద ఏడీఆర్ అనే వాళ్ల ఒప్పందాన్ని రెండేళ్లకోసారి తిరగరాసుకుంటూ కూర్చుంటారు. 2021లో ఐరోపా అన్న మాటే పేరులోంచి తీసేశారు, బయటి దేశాలు కూడా చేరుతున్నాయని. మనకు ఆ తిప్పలు లేవు. మనది మార్చాల్సినంత వాడకం లేదు.

పెట్రోలు ట్యాంకర్ బోల్తా పడినప్పుడు జరిగేది అందరికీ తెలిసిందే. బిందెలు, క్యాన్లు, కూల్‌డ్రింక్ సీసాలు వచ్చేస్తాయి. డ్రైవర్ వెంటనే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు చెప్పాలి. పోలీసులు వచ్చేలోగా లీటరు నూరు రూపాయలు దాటిన సరుకు ఊళ్లోకి వెళ్లిపోతుంది, బోర్డులు లేకుండా, మూతలు లేని బిందెల్లో, పొయ్యిల పక్కకు. ఆ రెండో విడత రవాణాకు నిబంధనలు ఇంకా రావాల్సి ఉంది.

44వ నంబరు రోడ్డు కథ వేరు. జడ్చర్ల మీదుగా రాత్రిళ్లు బెంగళూరు పోయే బస్సులకు ఏ బోర్డూ అక్కర్లేదు, అవి మనుషుల్ని తీసుకుపోతున్నాయి కాబట్టి. 2013 అక్టోబర్ 30న కొత్తకోట దగ్గర పాలెంలో బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబర్‌లో ఇదే రోడ్డు మీద కర్నూలు దాకా వెళ్లిన బస్సు కాలిపోయినప్పుడు, లగేజీలో మొబైల్ ఫోన్ల పార్సిల్ ఉందనీ, ఆ బ్యాటరీలు మంటను పెంచి ఉంటాయనీ వార్తలొచ్చాయి. ఫోన్లో ఉన్న లిథియం బ్యాటరీకీ ఐక్యరాజ్యసమితి నంబరుంది, 3481. పార్సిల్ ఆఫీసులో "ఏముందన్నా?" అని అడుగుతారు. "బట్టలే" అంటాం. రసీదు చేతికొస్తుంది. దీని మీద వ్యంగ్యం రాయడానికి నాకు చేతులు రావడం లేదు. ముందుకు పోదాం.

ఇక నా అభిమాన నిబంధన. ప్రమాదకర వ్యర్థాల రవాణాకు 2016లో వచ్చింది. ఒక్కో లోడుకు ఫారం 10 ఏడు కాపీలు నింపాలి. ఒక్కోటి ఒక్కో రంగు. తెల్లది, పసుపుది, గులాబీది, నారింజది, ఆకుపచ్చది, నీలంది, బూడిదరంగుది. బతుకమ్మ పేర్చినట్టుంటుంది. ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి, ఒకటి పంపేవాడి దగ్గర, ఒకటి తీసుకునేవాడి దగ్గర, ఒకటి లారీవాడికి, ఇలా పంచుతారు. ఏడు రంగుల్లో ఒక్కటి తగ్గినా ఊరుకోరు.

కాగితాలు చేరాల్సిన చోటికి చేరతాయి. ట్యాంకర్ కూడా చేరుతుంది, తేలిగ్గా. మధ్యలో ఎక్కడ బరువు దించుకుందో ఏ కాపీలోనూ గడి లేదు. చౌటుప్పల్, చిట్యాల వైపు ఊళ్లలో రైతుల్ని అడిగితే, అర్ధరాత్రి వాగు గట్టున లైట్లు ఆర్పి ఆగిన బండి గురించి, తెల్లారి బోరులో వచ్చిన వాసన గురించి, నీళ్లు తాగని బర్రెల గురించి చెబుతారు. పాపం వాళ్ల దగ్గర కాపీ లేదు, కాబట్టి అది ఆధారం కాదు. ప్రమాదకర సరుకుల బండ్లకు జాడ చెప్పే పరికరం పెట్టాలని 2022లో ఉత్తర్వులిచ్చారు కదా అంటారేమో. ఇచ్చారు. కంట్రోల్ రూములో ఆ చుక్క రాత్రి రెండింటికి చెరువు కట్ట మీద ఆగితే, డ్రైవర్ విశ్రాంతి తీసుకుంటున్నాడని మంచి మనసుతో అర్థం చేసుకోవాలి. డ్రైవర్లకు విశ్రాంతి కూడా భద్రతలో భాగమే.

బాధ్యతగల పౌరుడిగా ఒక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. సరుకు నిజంగా అందుకున్నవాళ్లకు కాగితం ఇవ్వకపోవడం న్యాయం కాదు. కాబట్టి ఫారం 10కి ఎనిమిదో కాపీ చేర్చాలి, వాగు పేర. సంతకం సర్పంచి పెడతారు. రంగు ఇప్పుడే ఖాయం చెయ్యొద్దు, ఆ పొద్దున నీళ్లు చూసి నిర్ణయించుకోవచ్చు.