బట్టతల మందుకి ఆఖరి రియాక్షన్ జరిగేది మన నెత్తిమీదే

మినాక్సిడిల్ వాడేవాళ్ళు ఒకసారి బాటిల్ మూత దగ్గర చూడండి, తెల్లగా పొడిలా గట్టిపడి ఉంటుంది. అది మందే, ఆల్కహాల్ ఆరిపోయాక మిగిలింది. 5 శాతం 60 ఎంఎల్ బాటిల్‌లో అసలు మందు 3 గ్రాములే, మిగతాదంతా దాన్ని కరిగించడానికి పడ్డ తిప్పలు.

ఇది జుట్టు కోసం పుట్టిన మందు కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూలో అప్‌జాన్ కంపెనీ 1950ల చివర్లో అల్సర్లకని ఒక కాంపౌండ్ ట్రై చేస్తే అల్సర్ తగ్గలేదు గానీ బీపీ పడిపోయింది, తీరా చూస్తే పని చేసింది ఆ కాంపౌండ్ కూడా కాదు, ఒంట్లోకి వెళ్ళాక దానికి ఒక ఆక్సిజన్ తగులుకుని తయారైన ఎన్-ఆక్సైడ్. ఆ కిటుకుతోనే, ఆక్సిజన్‌ని ముందే తగిలించి చేసిన ఇంకో కాంపౌండ్ మినాక్సిడిల్. 1979లో బీపీ మాత్రగా వచ్చింది, వేసుకున్నవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు మొలవడంతో 1988లో తలకి రాసే మందైంది.

తయారీ మరీ బ్రహ్మవిద్యేం కాదు. రెండు అమైన్లు (నైట్రోజన్ ఉన్న గుంపులు), ఒక క్లోరిన్ ఉన్న పిరిమిడిన్ అనే కార్బన్-నైట్రోజన్ రింగ్ తీసుకుని, ఆక్సిజన్‌ని సులువుగా వదిలేసే పెర్‌ఆసిడ్‌తో ఆ రింగ్‌లోని నైట్రోజన్ మీద ఆక్సిజన్ ఎక్కించాలి, తర్వాత పిపరిడిన్ అనే ఇంకో అమైన్ వేసి వేడి చేస్తే క్లోరిన్ లేచిపోయి దాని సీట్లో పిపరిడిన్ కూర్చుంటుంది. (పిపరిడిన్‌కి ఆ పేరు మన మిరియాల వల్లే వచ్చింది, కంపు మాత్రం భరించలేం.) అందులో ఎక్కువ భయపెట్టేది పెర్‌ఆసిడ్, అజాగ్రత్తగా ఉంటే పేలుతుంది.

అసలు తలనొప్పి కరిగించడం. నీళ్ళలో ఎంఎల్‌కి 2 మిల్లీగ్రాములు కరగడమే గగనం, మనకి కావాల్సింది 50. అందుకే ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ కలుపుతారు, చాలామందికి దురద పెట్టేది ఆ గ్లైకాలే. అది లేకుండా ఫోమ్ వచ్చింది అందుకే.

ఇంత చేసినా బాటిల్‌లో ఉన్నది పూర్తయిన మందు కాదు. వెంట్రుక కుదురు దగ్గరుండే సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ సరిగ్గా ఆ ఆక్సిజన్‌కే సల్ఫేట్ తగిలిస్తేనే అది పని మొదలెడుతుంది, ఆ ఎంజైమ్ కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. సీరమ్ యాడ్స్‌లో ఈ ముక్క ఎవడూ చెప్పడు. నా ఫ్రెండ్ ఒకడు ఫలితం లేదని ఏడాదిలో నాలుగు బ్రాండ్లు మార్చాడు, లేబుల్స్ తిప్పి చూస్తే నాలుగింట్లోనూ అదే 5 శాతం మినాక్సిడిల్, రాసింది కూడా అదే నెత్తికి.