అడుగులు లెక్కపెడితే చమురు పడదు

నార్వే తీరానికి పడమట సముద్రంలో ట్రోల్ క్షేత్రం 1979లో బయటపడినప్పుడు గ్యాస్ గురించే గొప్పగా చెప్పుకున్నారు. గ్యాస్ కింద చమురు కూడా ఉంది. కాకపోతే ఆ పొర మందం పడమటి భాగంలో ఒకచోట 22 నుంచి 26 మీటర్లు, మరోచోట 11 నుంచి 13 మీటర్లే. పైన గ్యాస్, అడుగున నీళ్లు. నిలువు బావి తవ్వితే చమురు కంటే ముందు అవే ఎగదన్నుకొస్తాయి. అలాంటి చమురును 1995 నుంచి తోడుతున్నారు. అడ్డబావుల పుణ్యమే అంటారంతా. నేనొప్పుకోను. అడ్డంగా తవ్వినందుకు కాదు, తవ్వుతూ నేల మాట విన్నందుకు దక్కిన చమురది.

చిన్న లెక్క. బిట్ (బావి తవ్వే మొన) ఒక్క డిగ్రీ కిందికి వాలితే వెయ్యి మీటర్లు పోయేసరికి 17 మీటర్లు దిగిపోతుంది. పొర మందం 12 మీటర్లే అయితే మనం ఉన్నది నీళ్లలో! నేలలోకి ధ్వని తరంగాలు పంపి గీసే సైస్మిక్ పటం అంత సన్నగా చూపలేదు.

అందుకే బిట్ వెనక గొట్టంలోనే పరికరాలు పెడతారు. రాతిలోని సహజ రేడియోధార్మికతను కొలిచే గామా రీడింగ్ పెరిగితే షేల్ (బంకమట్టి రాయి) తగిలిందని అనుమానం. ఉప్పునీరున్న రాయి కరెంటును సులువుగా పోనిస్తుంది, చమురున్న రాయి పోనివ్వదు. ఈ కబురు పైకి చేరేది మామూలుగా తీగ మీద కాదు, తవ్వేటప్పుడు గొట్టంలోకి పంపే బురదలో పుట్టించే ఒత్తిడి తరంగాల మీద. వేగం చాలాసార్లు సెకనుకు కొన్ని బిట్లే (తవ్వే బిట్ కాదు, కంప్యూటర్ బిట్). పది బిట్ల చొప్పున మన వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మ, 100 కేబీది, పైకి రావాలంటే దాదాపు 22 గంటలు. పైగా పరికరాలు బిట్‌కు కొన్ని మీటర్లు వెనకుంటాయి కాబట్టి, ఊరు దాటాక స్టేజీ పేరు అరిచే కండక్టర్‌లా దాటేసిన రాయి గురించే చెబుతాయి. ఆ కాస్త సమాచారంతో పైకా, కిందికా అన్నది అప్పటికప్పుడు తేల్చే జియాలజిస్టే అసలు డ్రైవర్.

మాటిమాటికీ మలిస్తే బావి వంకర్లు పోతుందని, గొట్టాలు ఇరుక్కుంటాయని, రిగ్ అద్దె పెరుగుతుందని డ్రిల్లింగ్ ఇంజినీర్లు అంటారు. నిజమే. కానీ తిన్నగా తవ్వి నీళ్లలో తేలిన బావితో ఏం చేసుకుంటారు?

రోజుకు ఎన్ని మీటర్లు తవ్వామన్నది కాదు, అందులో ఎన్ని మీటర్లు చమురు రాతిలో ఉన్నామన్నది చూడాలి. కూలి దేనికిస్తే పని దానికే జరుగుతుంది. ఈ సంగతి అనంతపురం రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసిన చోట రాత్రి బోరు బండి దిగుతుంది. నాలుగొందల అడుగుల దగ్గర బూడిదలాంటి పొడిలో కాస్త చెమ్మ కనిపిస్తుంది. "ఇంకో వంద వేద్దామా అన్నా?" అంటాడు రైతు. అడుగుకింత చొప్పున బిల్లు కదా, బోరు బండివాడు వద్దని ఎందుకంటాడు? ఏ లోతులో ఏ రాయి తగిలింది, చెమ్మ ఎక్కడ మొదలైందన్నది రాసుకునేవాడే ఉండడు. బోర్లకు అనుమతుల కోసం 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చుకున్నాం, అయినా ఇదే తీరు. నార్వేలోనేమో కంపెనీ సొంత డబ్బుతో తవ్విన బావి ముడి సమాచారం కూడా మామూలుగా రెండేళ్లకు బయటికొస్తుంది, పక్క బ్లాకు (తవ్వకానికి కేటాయించిన సముద్ర భాగం) వాడు దాన్ని చూసుకునే తన బావి గీత గీసుకుంటాడు.

మన దగ్గర ఎండిన బోరు మూతికి గోనెసంచి కట్టి పైన రాయి పెడతారు. పక్క చేను రైతు మళ్లీ కొబ్బరికాయతోనే మొదలుపెడతాడు.